నత్తి నోటి ప్రార్థన

నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. అన్ని అక్షరాలకూ రాదు. పెదవులు కలిపి పలికే ప, బ, మ దగ్గర మాత్రం నోరు బిగుసుకుపోయేది. గొంతులో మాట తయారుగా ఉండేది, పెదవులే విడేవి కావు. బళ్ళో హాజరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకునేదాన్ని. విచిత్రమేమిటంటే పాట పాడితే ఒక్క అక్షరం కూడా అడ్డుపడేది కాదు. గుళ్ళో కీర్తన ఎత్తుకుంటే నా గొంతే ముందుండేది.

"పాటకి రాని నత్తి మాటకెందుకొస్తదే నీకు?" అని మా అమ్మ విసుక్కునేది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

మాది బాపులపాడు దగ్గర చిన్న ఊరు. మా నాన్న కూలి పనికి పోతూనే మా గుడి ఊడ్చేవాడు, ఆదివారం గంట కొట్టేవాడు. పాస్టరు గారిని మేమంతా అయ్యగారనే వాళ్ళం. అయ్యగారు రాని వారం ప్రార్థన కూడా నాన్నే చేసేవాడు. ఆయనది నిండైన గొంతు. మాట వెనక మాట వరసగా వచ్చి నిలబడేవి. ఇంట్లో కూడా సాయంత్రం దీపం పెట్టాక మేమంతా మోకరిస్తే ఆయనొక్కడే ప్రార్థన చేసేవాడు, మేం చివర్లో 'ఆమెన్' అనేవాళ్ళం. అది 'ఆ'తో మొదలవుతుంది గనక నాకు ఇబ్బంది లేదు. అలా పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా దేవుడితో నా సొంత మాట ఒక్కటీ మాట్లాడకుండా పెరిగాను. మంచి గొంతున్నవాళ్ళు చేసే పని ప్రార్థన అని నా నమ్మకం.

పందొమ్మిది వందల యాభైల చివర్లో పెళ్ళయి నూజివీడు దగ్గరి పల్లెకి కాపురానికొచ్చాను. ఇంటి గడప దాటితే మామిడి తోటలే. మా ఆయన తోటలో పనివాడు. ఎండాకాలం కాయ కోసేవాడు, వానలు పడ్డాక అంటు కట్టేవాడు. ఆయన చేతి అంటుకి చుట్టుపక్కల మంచి పేరు. తోట, నూజివీడు బజార్లో దుకాణం ఉన్న ఒక షావుకారు గారిది. మా ఆయనకి చిన్నప్పుడే తల్లి పోతే తల్లి అక్క పెంచింది. ఆవిడ మాతోనే ఉండేది. నేను పెద్దత్తా అని పిలిచేదాన్ని. చదువు రాదు. పచ్చి కాయలు తరిగి ఒరుగులు ఎండబెట్టడంలో మాత్రం ఆవిడ చేతి వేగం ఎవరికీ వచ్చేది కాదు.

మా పల్లెలో క్రైస్తవ కుటుంబాలు పదికి మించవు. తాటాకు పాకే మా గుడి. ఇక్కడి అయ్యగారు మైలవరం నుంచి నెలకొకసారి సైకిలు మీద వచ్చేవారు. బుధవారం సాయంత్రాలు మాత్రం ఆడవాళ్ళమే కూడుకునేవాళ్ళం. నేను వచ్చిన రెండో బుధవారం ఎవరో అన్నారు, "కొత్త కోడలు ఐదో క్లాసు దాకా చదువుకుందంట. ఇవాళ ప్రార్థన ఆ అమ్మాయి చేత చేయిద్దాం."

అందరూ తలలు వంచారు. నేను కళ్ళు మూసుకుని 'ప్రభువా' అందామనుకున్నాను. పెదవులు అతుక్కుపోయాయి. "ప్... ప్..." అంటున్నాను. ఎంతసేపైందో తెలీదు. వెనక వరసలో ఒక పెళ్ళికాని పిల్ల కిసుక్కున నవ్వింది. నేను లేచి బయటికొచ్చేశాను. ఇంటికెళ్ళి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. మా ఆయన వచ్చి ఏం జరిగిందని అడిగాడు. నా మాట పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుని విన్నాడు. అది ఆయనకున్న మంచి గుణం. అప్పటిదాకా నా మాట మధ్యలో అందుకోని మనిషి ఆయనొక్కడే.

పెద్దత్త మర్నాడు తెల్లారగట్ల నన్ను తట్టి లేపింది.

"లే. నాతో వచ్చి కూర్చో."

"నాకు రాదు అత్తా."

"నిన్ను నోరు తెరవమన్నానా? కూర్చోమన్నా."

మా ఇంటి వెనక గడ్డివాముకీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉండేది. అదే ఆవిడ ప్రార్థన చోటు. మోకాళ్ళ కింద పాత గోనెపట్టా వేసుకుని కూర్చునేది. ఆవిడ ప్రార్థన మా నాన్న ప్రార్థనలా ఉండదు. పక్కింట్లో మనిషితో గోడ మీద నుంచి మాట్లాడినట్టు ఉంటుంది. "అయ్యా, నిన్న మోకాలు తగ్గింది, అందుకు నీకు వందనాలు. ఎదురింటి పిల్లకి జొరం, ఆ సంగతి చూడు. మా పిల్లాడు చెట్లెక్కుతాడు, జాగ్రత్త. ఇదిగో, ఈ పిల్ల కూడా వచ్చింది. దీనికి సిగ్గెక్కువ." అంతే. అయిపోగానే గోనెపట్టా దులిపి పనిలో పడేది.

నేను రోజూ ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. మొదట్లో నిద్రొచ్చేది. తర్వాత్తర్వాత లోపల్లోపల మాట్లాడటం మొదలుపెట్టాను. ఏం చెప్పాలని అడిగితే "నిన్న ఏం జరిగిందో చెప్పు" అంది.

"దేవుడికి తెలీదా?"

"మీ ఆయన పొద్దున్నుంచి తోటలో ఏం చేశాడో నీకు తెలుసు. అయినా రాత్రి అన్నం తింటా చెబితే వింటావు కదా."

కొన్నాళ్ళకి తోటలో ఒంటరిగా మొక్కలకి నీళ్ళు పోస్తూ పైకే మాట్లాడి చూశాను. దేవుడితో మాట్లాడితే నత్తి రాదేమో అని నా ఆశ. వచ్చింది. అచ్చం మనుషులతో వచ్చినట్టే వచ్చింది. దాంతో పట్టుదల పెరిగింది. నత్తి తీసెయ్యమని ఏడాది పాటు అడిగాను. శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. నత్తి ఇసుమంత తగ్గలేదు. కానీ ఆ ఏడాది తిరిగేసరికి ఒక సంగతి గమనించాను. పొద్దున సందులో కూర్చోకపోతే ఆ రోజంతా ఏదో మర్చిపోయినట్టుండేది. నత్తి కోసమని మొదలుపెట్టినదాన్ని, నత్తి మాట ఎత్తకుండానే రోజుల తరబడి దేవుడితో మాట్లాడుతున్నాను. మా అమ్మ ఆరోగ్యం, మా ఆయన కోపం, నాకు పక్కింటావిడ మీదున్న ఉక్రోషం, అన్నీ చెబుతున్నాను. ఆ పక్కింటావిడ గురించి వారం రోజులు ఫిర్యాదు చేశాక నాకే సిగ్గేసి వెళ్ళి మాట కలిపాను. అలా జరుగుతుందని నాకెవరూ చెప్పలేదు.

అరవైలు మొదలయ్యాక, మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు, కాయకోతల్లో మా ఆయన చెట్టు మీద నుంచి పడ్డాడు. పురుగు తొలిచిన కొమ్మ. పైకి పచ్చగానే కనబడింది. కాయలు కోసే చిక్కం కర్ర అందుకోబోయి దాని మీద అడుగేస్తే ఫెళ్ళున విరిగింది. నేను కింద గంపల్లో గడ్డి పరుస్తున్నాను. పడిన చప్పుడు విన్నాను. వీపు నేలకి ఆనించి పడున్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. "కాళ్ళు తెలియటం లేదే" అన్నాడు.

ఎడ్లబండి మీద నూజివీడు, అక్కణ్ణుంచి బెజవాడ ఆసుపత్రి. ప్రాణానికి భయం లేదన్నారు. నడుస్తాడా అంటే మాత్రం చూద్దాం అన్నారు. అమ్మాయిని పెద్దత్త దగ్గర వదిలి ఆరు వారాలు అక్కడే ఉన్నాను. మొదటి వారమంతా వరండాలో కూర్చుని దేవుణ్ణి అడిగిందే అడిగాను. రెండో వారానికి అడగడం మానేశాను. పొద్దున లేచేదాన్ని, మొహం కడుక్కునేదాన్ని, గోడకి ఆనుకుని శూన్యంలోకి చూస్తూ కూర్చునేదాన్ని. 'మా పిల్లాడు చెట్లెక్కుతాడు, జాగ్రత్త' అని ఒక ముసలామె రోజూ చెప్పింది కదా. విన్నవాడు ఏం చేశాడు? నా మనసులో ఆ ఒక్క ప్రశ్నే ఉండేది.

ఇంటికి తెచ్చాక కూడా నేను సందులోకి వెళ్ళలేదు. మూడు రోజులు చూసి పెద్దత్త అడిగింది.

"రావేం?"

"నాకు కోపంగా ఉంది అత్తా. దేవుడితో మాట్లాడను."

తిడుతుందనుకున్నాను. ఆవిడ ఒరుగులు తిరగేస్తూనే అంది. "నాకూ వచ్చింది. నా చెల్లెలు పోయినప్పుడు ఆరు నెలలు తిట్టిపోశా. పోయి తిట్టు. తిట్టటానికైనా ఆయన దగ్గరికే పోవాలి. ఇంట్లో మూతి ముడుచుక్కూర్చుంటే ఏమొస్తది?"

ఆ మధ్యాహ్నం తోటలోకి వెళ్ళాను. కోతలైపోయాయి కనక మనుషులు లేరు. విరిగిన కొమ్మ ఇంకా ఆ చెట్టు కిందే ఉంది. దాని పక్కన నిలబడి గట్టిగా అరవాలనుకున్నాను. 'మా ఆయన్ని ఎందుకిలా చేశావు' అని. 'మ' దగ్గర ఆగిపోయాను. "మ్... మ్..." అంటున్నాను. కోపం ఇంకా ఎక్కువైంది. తిట్టడానికి కూడా నోరు రాని బతుకు! కాలితో నేలని తన్నాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఆగింది. చెమటలు కారుతున్నాయి.

అప్పుడు నాకొకటి తెలిసింది. మనిషి ఎదురుగా ఉంటే ఈపాటికి తల పక్కకి తిప్పుకునేవాడు, లేకపోతే నా మాట తనే పూర్తి చేసేవాడు. ఇక్కడ ఎవరూ తల తిప్పుకోలేదు. ఎవరూ తొందరపడలేదు. నా మాట పూర్తయ్యేదాకా ఒకరు ఆగి ఉన్నారు. కంటికేమీ కనబడలేదు, చెవికేమీ వినబడలేదు. ఊహ అంటే అనుకోండి. ఎదుట మనిషి ఓపిగ్గా వింటున్నాడో లేదో నత్తివాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నాకు తెలిసింది. ఆ చెట్టు కింద కూర్చుని నా ప్రశ్న మొత్తం అడిగాను. చాలాసేపు పట్టింది. జవాబు రాలేదు. కానీ లేచి ఇంటికి నడుస్తుంటే కాళ్ళలో బలం ఉంది. ఆ రోజు నుంచి నేను ప్రార్థన మానలేదు.

వానలు మొదలయ్యాయి. అంటు కట్టే రోజులు వచ్చేశాయి. మా ఆయన మంచం మీద లేచి కూర్చోగలుగుతున్నాడు, అంతే. షావుకారు గారు వేరే ఊరి నుంచి అంటుకట్టే మనిషిని పిలిపిస్తున్నారని కబురొచ్చింది. ఆయన తప్పేం లేదు. తోట పని ఆగదు. కానీ ఆ పని ఒకసారి చేయి మారితే మళ్ళీ మా ఇంటికి రాదు.

"నేను కడతా" అన్నాను మా ఆయనతో.

ఆయన నవ్వలేదు. "కత్తి పట్టుకోటం వచ్చా?"

"నువ్వు చెప్పు. నేను పట్టుకుంటా."

మర్నాడు పొద్దున నూజివీడు నడిచి వెళ్ళాను. దుకాణానికి పది అడుగుల దూరంలో ఒక గోడ పక్కన ఆగి ప్రార్థన చేశాను. నత్తి తీసెయ్యమని అడగలేదు. మాట మధ్యలో పారిపోకుండా నిలబెట్టమని అడిగాను. తర్వాత వెళ్ళి అరుగు కింద నిలబడ్డాను. షావుకారు గారు నన్ను గుర్తుపట్టారు.

"ఏంటమ్మా, మీ ఆయనకెట్లా ఉంది?"

"ప్... ప్... ప్..."

"పర్వాలేదా? సరే. ఏవన్నా కావాలా? తోటలోంచి కట్టెలు తెచ్చుకుంటావా?"

"కాదండీ." అది తేలిగ్గానే వచ్చింది. కొట్లో ఉన్నవాళ్ళు ఇటే చూస్తున్నారు. కదల్లేదు నేను. "ఈసారి అంటు నేను కడతానండీ. మా... మ్... మా ఆయన పక్కనే కూర్చుని చెబుతాడండీ."

ఆయన కళ్ళజోడు తీసి చూశారు. "ఆడవాళ్ళు అంటు కట్టడం ఎక్కడన్నా చూశావా?"

"చూళ్ళేదండీ. నే కడితే మీరు చూద్దురుగాని."

ఎవరో నవ్వారు. షావుకారు గారు నవ్వలేదు. "యాభై మొక్కలు కట్టు. బతికినదాన్ని బట్టి చూద్దాం" అన్నారు.

తల్లి చెట్టు కింద మంచె కట్టి, టెంక మొక్కల కుండీలు దాని మీద సర్దాను. మా ఆయన్ని నులకమంచంతో సహా నలుగురు మోసుకొచ్చి అక్కడ దించారు. మొక్క కాండానికీ చెట్టు రెమ్మకీ సమానంగా బెరడు చెక్కి, రెండిటినీ ఆనించి, అరటినారతో బిగించి, పైన పేడమట్టి పుయ్యాలి. మొదటి రోజు నేను చెక్కిందంతా వంకరే. మా ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. "తొందరొద్దు. కత్తి నీ వైపుకి లాగకు. మళ్ళీ చెయ్యి." అదే మాట వందసార్లు చెప్పాడు. మూడో రోజుకి చేతికి పట్టు చిక్కింది.

ఆ పనిలో నాకొక అలవాటు మొదలైంది. ఒక్కో అంటు కడుతున్నంతసేపూ ఒక మనిషి కోసం ప్రార్థన చేసేదాన్ని. నార చుట్టడం మొదలుపెట్టి ముడి వేసేదాకా ఆ ఒక్కరే. మొదట నా వాళ్ళు. తర్వాత పల్లెలో వాళ్ళు. నలభై దాటేసరికి నాకు ఇష్టమైనవాళ్ళు అయిపోయారు. ఇక మిగిలినవాళ్ళ దగ్గరికి రావాల్సొచ్చింది. ఆ బుధవారం నవ్విన పిల్ల, షావుకారు గారు, కొట్లో నవ్విన మనిషి. ఆ పిల్ల అప్పటికే పెళ్ళై ఉంగుటూరు వెళ్ళిపోయింది. ఆ పిల్ల కాపురం చల్లగా ఉండాలని ముడి వేస్తుంటే నా కడుపులో పాత మంట వెతికినా దొరకలేదు.

యాభైలో తొమ్మిది ఎండిపోయాయి. ఎండినవాటిలో ఒకటి మా అమ్మ కోసం కట్టింది. బెంబేలెత్తి పెద్దత్త దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ తల కొట్టుకుంది. "మొక్క ఎండితే మనిషికేమవుద్దే పిచ్చిదానా? ప్రార్థన చెప్పింది ఆయనకా, మొక్కకా?" మా అమ్మ ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నిక్షేపంగా బతికింది.

నలభై ఒక్కటీ చిగురు వేశాక షావుకారు గారు స్వయంగా వచ్చి చూశారు. ఒక అంటు ముడి దగ్గర వేలితో తడిమి చూసి, "మీ ఆయన కట్టినట్టే ఉందమ్మా" అన్నారు. ఆ ఏడాది నుంచి తోటలో అంటు పని నాదైంది. మా ఆయన మరుసటి ఎండాకాలానికి కర్ర సాయంతో నడిచాడు. ఎడమకాలు ఈడుస్తూనే ఉండేది. చెట్టు మళ్ళీ ఎక్కలేదు. నేనడిగింది ఇంతకంటే ఎక్కువే. ఆ మాట దేవుడితో చాలాసార్లు చెప్పాను, ఇప్పటికీ అప్పుడప్పుడూ చెబుతాను. చెప్పుకున్నాకే వందనాలు చెప్పగలుగుతాను.

కాయకోతలకి పక్క ఊరి నుంచి హిందూ కూలీలు కూడా వచ్చేవాళ్ళు. వాళ్ళలో నా ఈడుది ఒకామె నా పక్కనే గంపలు సర్దేది. వాళ్ళాయన కొత్తగూడెం బొగ్గు గనుల్లో పనికని వెళ్ళి ఏడు నెలలైంది, ఉత్తరం లేదు. ఒక రోజు అన్నం మూటలు విప్పుకుంటుంటే హఠాత్తుగా అంది.

"వదినా, నువ్వు గంప కట్టి ముడేసేటప్పుడల్లా ఏదో గొణుక్కుంటావు. మీ దేవుడితోనేనా?"

"అవును."

"మా ఆయన సంగతి కూడా చెప్పవా? ఇప్పుడే చెప్పు. నేను వింటా."

చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. అయినా ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. "ప్... ప్రభువా" అనడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఇంకో నాలుగు చోట్ల ఆగాను. ఎవరూ నవ్వలేదు. కళ్ళు తెరిచేసరికి ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "నాకోసం ఇంత కష్టపడి మాట్లాడావు" అంది. నా నత్తి ఒకరి మనసుకి అలా తాకుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

ఉత్తరం ఆ ఏడాది రాలేదు. మేం ఆపలేదు. పనికొచ్చినన్నాళ్ళూ రోజూ అన్నాల వేళ ఆమె గుర్తు చేసేది, నేను చెప్పేదాన్ని. మరుసటి ఏడు తొలకరికి మనిషే వచ్చాడు, చిక్కిపోయి, గడ్డం పెరిగి. దానికీ ప్రార్థనకీ సంబంధం ఉందా అని ఎవరైనా అడిగితే ఉందనే అంటాను. నాకు ఆ విషయంలో అనుమానం లేదు. ఆమె బొట్టు తీయలేదు, తన దేవుళ్ళని వదల్లేదు. నేనూ వదలమనలేదు. కానీ పనిలోకి వచ్చిన రోజుల్లో పొద్దున్నే నా పక్కన కూర్చునేది. ఆమెని చూసి ఇంకో ఇద్దరు, వాళ్ళని చూసి పల్లెలోవాళ్ళు. కోత మొదలయ్యే ముందు చెట్ల కింద కాసేపు కూర్చోవడం అలా మా తోటలో వాడుకైంది.

అరవైలు చివరికొస్తున్నాయి. ఆ ఏడు రసాలు విరగకాశాయి. కొమ్మలకి కర్రలు ఆనించి నిలబెట్టాం. కోతకి వారం ఉందనగా సాయంత్రం ఈదురుగాలి లేచింది. గంటసేపు వీచి ఆగింది. పొద్దున వెళ్ళి చూస్తే సగం పంట నేల మీదుంది. అడుగు పెట్టడానికి చోటు లేదు. ఆడవాళ్ళంతా నోళ్ళు నొక్కుకుని నిలబడ్డారు. ఒకామె నా వైపు తిరిగి, "ఇవాళ ఏం ప్రార్థన చేస్తావు వదినా, ఏముందని?" అంది.

కొన్నేళ్ళ కిందట అయితే నాకూ ఏమీ తోచేది కాదు. ఆ పొద్దున నాకు భయం వెయ్యలేదు. కాయల మధ్యనే చోటు చేసుకుని మోకరించాను. అందరూ కూర్చున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. పోయినదానికి బాధగా ఉందని చెప్పాను. చెట్లు నిలబడ్డందుకు, చెట్ల కింద మనుషులెవరూ లేనందుకు వందనాలు చెప్పాను. షావుకారు గారి మనసుకి ధైర్యం ఇమ్మని అడిగాను. 'మ' దగ్గర చాలాసేపు ఆగాల్సొచ్చింది. తొందరపడలేదు. వచ్చినప్పుడే వచ్చింది.

ఆమెన్ అని కళ్ళు తెరిస్తే గట్టు మీద షావుకారు గారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో. చెప్పులు విడిచి పక్కన పెట్టి ఉన్నాయి. మొహం వాడిపోయి ఉంది.

"అయిందామ్మా?" అన్నారు.

"అయిందండీ."

ఆయన చెప్పులు తొడుక్కున్నారు. "అయితే గంపలు తెండి. దెబ్బ తగలనివి వేరు చేద్దాం. మిగతావి ఒరుగులకి."

పెద్దత్త అప్పటికే కత్తిపీట ముందు కూర్చుంది.